వెన్నుపాముకు దెబ్బ తగిలినా, కణితి వచ్చినా: ఇంటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లతో రోజూ పనిచేసే ఫిజియోథెరపిస్టుని నేను. మంచం పక్కన నిలబడి ఇంటివాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు అవే ఉంటాయి. కంగారులో ఉన్నప్పుడు డాక్టరు చెప్పినదాంట్లో సగమే చెవికెక్కుతుంది. మిగతా సగం ఆ రాత్రి పడుకున్నాక అనుమానాలుగా లేస్తుంది. ఆ వేళ చదువుకోవడానికే ఇది రాశాను. మీ మనిషిని చేత్తో పట్టి చూసిన డాక్టరు వేరేగా చెబితే ఆయన మాటే వినండి.

వెన్నెముక, వెన్నుపాము ఒకటేనా?

ఒకటి కాదు. ఈ తేడా తెలిస్తే రిపోర్టులో సగం దానంతటదే అర్థమవుతుంది. వెన్నెముక అంటే పూసల దొంతర. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5, ఆ కింద అతుక్కుపోయిన త్రికం (పిర్రల మధ్య ఎముక), తోక ఎముక. పూసల వెనకవైపు ఉండే రంధ్రాలన్నీ కలిసి ఒక సొరంగంలా అవుతాయి. మెదడు నుంచి దిగే మెత్తటి నరాల తాడు ఆ సొరంగంలో ఉంటుంది. అదే వెన్నుపాము. పెద్దవాళ్లలో దాని పొడవు 42 నుంచి 45 సెంటీమీటర్లు, మందం చిటికెన వేలంత. అంత సన్నటి తాడులోంచే కాళ్లూ చేతులకు ఆజ్ఞలు దిగాలి, ఒళ్లంతటి స్పర్శ పైకెక్కాలి, మూత్రం, మలం, చెమట, బీపీ అన్నీ అదుపులో ఉండాలి.

వెన్నుపాము నడుము చివరిదాకా రాదు. నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కడినుంచి కిందికి విడివిడి నరాల కట్ట వేలాడుతుంది. చూడ్డానికి గుర్రం తోకలా ఉంటుందని లాటిన్‌లో దానికి కాడా ఈక్వినా అని పేరు పెట్టారు. మొత్తం 31 జతల నరాలు వెన్నుపాము నుంచి బయల్దేరతాయి.

అందుకే పూస విరిగినా వెన్నుపాము క్షేమంగా ఉండొచ్చు. పూస విరక్కుండానే వెన్నుపాము నలగొచ్చు కూడా. ఎముకలు ఇంకా సాగే వయసులో ఉన్న పిల్లల్లోనూ, మెడ పూసలు అరిగి దారి ఇరుకైన పెద్దవాళ్లలోనూ ఇలా జరుగుతుంది. ఎక్స్‌రే బాగుందన్నారు కదా, మరి చేతులెందుకు లేవడం లేదని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది. వెన్నుపాము కనిపించాలంటే ఎమ్మారై తీయాలి.

దెబ్బ తగిలితే వెన్నుపాము తెగిపోతుందా?

పూర్తిగా తెగిపోవడం అరుదు. ఎక్కువసార్లు విరిగిన ఎముక ముక్కో, పక్కకు జరిగిన పూసో, జారిన డిస్కో దాన్ని నలిపేస్తుంది. ఇక్కడ రెండు దశలున్నాయి. మొదటిది దెబ్బ తగిలిన ఆ క్షణం, దాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు. రెండోది ఆ తర్వాతి గంటల్లో, రోజుల్లో జరిగేది: లోపల రక్తం చిమ్మడం, వాపు, రక్తప్రసరణ తగ్గడం, దాంతో పక్కనున్న మంచి కణాలు కూడా చనిపోవడం. ఐసీయూలో బీపీ పడిపోకుండా, ఆక్సిజన్ తగ్గకుండా అంత పట్టుగా చూసేది ఈ రెండో నష్టాన్ని ఆపడానికే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో కోటిన్నర మందికి పైగా వెన్నుపాము దెబ్బతో బతుకుతున్నారు. ఎత్తునుంచి పడడం, రోడ్డు ప్రమాదాలు, హింస ప్రధాన కారణాలు. లోతు తెలియని నీళ్లలో తలకిందులుగా దూకి మెడ విరగ్గొట్టుకున్న కుర్రాళ్లను చూసినప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ముందు కాళ్లతో దిగి లోతు చూసుకుంటే తప్పిపోయే ప్రమాదం అది.

ఎవరైనా పడిపోయి కదల్లేకపోతుంటే ఏం చేయాలి?

లేపి కూర్చోబెట్టొద్దు. చంకల కింద చేతులేసి ఎత్తొద్దు. నీళ్లు తాగించొద్దు. నిప్పు, నీరు, వాహనాల లాంటి ప్రమాదం పక్కనే ఉంటే తప్ప ఉన్నచోటే ఉంచండి. తలను రెండు చేతులతో అటూ ఇటూ పట్టుకుని, కదలకుండా, ఒంటితో ఒకే వరుసలో ఉంచి అంబులెన్సుకు ఫోన్ చేయించండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పక తప్పదు. అప్పుడు నలుగురూ కలిసి తల, భుజాలు, నడుము, కాళ్లు ఒక్కసారిగా, దుంగను దొర్లించినట్టు తిప్పాలి. ఊపిరి ఆగిపోతే మాత్రం మెడ సంగతి తర్వాత, ముందు ఊపిరి.

రిపోర్టులో సి5 అనో, టి10 అనో రాశారు. అంటే?

వెన్నుపాము ఎంతవరకు సరిగ్గా పనిచేస్తోందో చెప్పే గుర్తు అది. సి అంటే మెడ, టి అంటే ఛాతీ, ఎల్ అంటే నడుము, ఎస్ అంటే త్రికం. దెబ్బ ఎంత పైన ఉంటే అంత ఎక్కువ ఒళ్లు అదుపు తప్పుతుంది. ఊపిరికి ముఖ్యమైన డయాఫ్రమ్ కండరానికి 3, 4, 5 మెడ నరాల నుంచి ఆజ్ఞ వెళ్తుంది. అందుకే అంతకంటే పైన దెబ్బ తగిలినవాళ్లకు వెంటిలేటర్ కావాల్సి వస్తుంది. సి5 మిగిలితే మోచెయ్యి మడుస్తారు. సి6 మిగిలితే మణికట్టు పైకెత్తుతారు, సి7 మిగిలితే మోచెయ్యి చాపుతారు. చనుమొనల దగ్గరి స్పర్శ టి4ది, బొడ్డు దగ్గరిది టి10ది. కాలి బొటనవేలు పైకి లేపేది ఎల్5.

ఇక్కడ ఒక్క ఒంపులో ఎంత తేడా ఉంటుందో చూపిస్తాను. సి6 వరకు మిగిలిన మనిషికి వేళ్లు కదలవు. కానీ మణికట్టు పైకెత్తితే, లోపలి స్నాయువులు బిగిసి వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. ఆ ముడుపుతో గ్లాసు పట్టుకుంటారు, ఫోన్ తీస్తారు, దువ్వెన అందుకుంటారు. ఇది తెలియక ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ రోజూ మణికట్టును పైకి వంచి వేళ్లన్నీ బలవంతంగా చాపి మాలిష్ చేస్తారు. స్నాయువులు సాగిపోతాయి, ఆ పట్టు మళ్లీ రాదు. వేళ్లు చాపాలంటే మణికట్టు కిందికి వంచి ఉంచండి. ముందుగా మీ థెరపిస్టుని అడిగి, ఎదుట చేయించి చూసుకోండి.

కంప్లీట్, ఇన్‌కంప్లీట్ అని ఎలా తేలుస్తారు?

గుండుసూదితో, దూది కొసతో, చేతివేళ్లతో. ఎమ్మారై ఎంత అవసరమో ఈ పరీక్షా అంతే అవసరం. మనిషిని పడుకోబెట్టి, కళ్లు మూయించి, మెడనుంచి కాలివేళ్లదాకా రెండువైపులా 28 చోట్ల ‘ఇది గుచ్చుకుందా, మొద్దుగా ఉందా’ అని అడుగుతూ వస్తాం. చివర మలద్వారం చుట్టూ చూస్తాం, లోపల వేలు పెట్టి బిగించమంటాం. చాలామంది సిగ్గుతో ఆ పరీక్ష వద్దంటారు. దయచేసి వద్దనకండి. అసలు తీర్పు అక్కడే ఉంది. వెన్నుపాము అడుగు కొసనుంచి వచ్చే నరాలవి. అక్కడ కాస్త స్పర్శ ఉన్నా, కాస్త బిగువున్నా, దెబ్బ తగిలిన చోటు దాటి సమాచారం వెళ్తోందన్నమాట.

దాన్నిబట్టి ఏ నుంచి ఇ వరకు గ్రేడు ఇస్తారు. ఏ అంటే ఆ కొసలో స్పర్శా లేదు, కదలికా లేదు. బి అంటే స్పర్శ ఉంది, కదలిక లేదు. సి, డి అంటే కదలిక ఉంది, డిలో బలం ఎక్కువ. ఇ అంటే పరీక్షలో అన్నీ మామూలుగా ఉన్నాయి.

మొదట్లో కాళ్లు వేలాడిపోయాయి, ఇప్పుడు ఎగిరెగిరి పడుతున్నాయి. నయమవుతున్నట్టేనా?

ఈ మాట అడిగేటప్పుడు ఇంటివాళ్ల కళ్లలో వెలుగు కనిపిస్తుంది. అందుకే జవాబు చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది. దెబ్బ తగిలిన కొత్తలో దాని కిందిభాగమంతా మూగబోతుంది, దాన్ని స్పైనల్ షాక్ అంటారు. కొన్ని రోజులకో, వారాలకో అది తగ్గి, కింది వెన్నుపాము మెదడుతో సంబంధం లేకుండా తన సొంత ప్రతిచర్యలు మొదలుపెడుతుంది. దుప్పటి తగిలినా కాలు ఎగురుతుంది. మనిషి కావాలని కదిపినది అది కాదు. తేడా తెలుసుకోవాలంటే ‘కుడికాలి బొటనవేలు ఎత్తు’ అని చెప్పి చూడండి. చెప్పినప్పుడల్లా ఎత్తితే అది నిజమైన కదలిక, వెంటనే మాకు చెప్పండి.

బిగుసుకుపోవడం మరీ ఎక్కువైతే బాక్లోఫెన్ లాంటి మందులిస్తారు. బాక్లోఫెన్‌ను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. ఫిట్స్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ చేస్తే నడుస్తారా?

ఆపరేషన్ నలిగిన వెన్నుపామును అతికించదు. దానిమీది ఒత్తిడి తీసి, కదులుతున్న పూసలను రాడ్లు, స్క్రూలతో నిలబెడుతుంది. నొక్కుడు ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. వీలైతే 24 గంటల్లోపు చేయాలన్నది ఇప్పటి వైద్యుల ధోరణి. పూసలు నిలబడ్డాయంటే మనిషిని త్వరగా కూర్చోబెట్టొచ్చు, వ్యాయామం మొదలుపెట్టొచ్చు. ఒకప్పుడు అందరికీ ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ ఇచ్చేవారు. లాభం అనుమానమేనని, ఇన్ఫెక్షన్ల బెడద ఉందని తేలాక అది అందరికీ ఇచ్చే మందుగా మిగల్లేదు. కాబట్టి ఇవ్వలేదని కంగారు పడకండి.

ఎన్నాళ్లకు ఎంత తిరిగొస్తుంది?

ఎక్కువ మార్పు మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కనిపిస్తుంది. ఆ తర్వాత వేగం తగ్గి, ఏడాది రెండేళ్ల దాకా కొద్దికొద్దిగా సాగుతుంది. మొదటి గ్రేడు ఏ ఉన్నవాళ్లలో చాలామంది ఏలోనే ఉండిపోతారు. సి, డి ఉన్నవాళ్లలో నడిచేవాళ్లు ఎక్కువ. మొదటి వారంలోనే తేదీలు చెప్పి ఆశపెట్టేవాళ్లనూ, ఇక అంతేనని చేతులు దులిపేసేవాళ్లనూ నేను నమ్మను.

వెన్నులో కణితి అంటే క్యాన్సరేనా?

కావాలని లేదు. కణితి ఎక్కడ పుట్టిందన్నదాన్నిబట్టి మూడు రకాలుగా చూస్తారు. వెన్నుపామును మూడు పొరలు చుట్టి ఉంటాయి, వాటిలో పైది గట్టిగా ఉంటుంది, పేరు డ్యూరా. ఆ పొరకు బయట, పూసల్లో పెరిగేవి ఎక్కువ భాగం వేరేచోటి క్యాన్సర్ పాకి వచ్చినవి. ఊపిరితిత్తులు, రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లు ఇలా పూసల్లోకి రావడం ఎక్కువ. మైలోమా, లింఫోమా అనే రక్తకణాల క్యాన్సర్లు కూడా ఉంటాయి.

రెండో రకం డ్యూరా లోపల, వెన్నుపాముకు బయట. ఇక్కడ పుట్టేవాటిలో మెనింజియోమా, ష్వానోమా ముఖ్యమైనవి. వీటిలో చాలావరకు క్యాన్సర్ కానివి, ఏళ్ల తరబడి మెల్లగా పెరిగేవి. మెనింజియోమా ఆడవాళ్లలో ఎక్కువ, అందులోనూ ఛాతీ వెనక భాగంలో. మొత్తంగా తీసేస్తే చాలామంది కోలుకుంటారు. వీల్‌చైర్‌లో ఆపరేషన్‌కు వెళ్లి, నెలల తర్వాత చేతికర్రతో నడిచి నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఈ రకంవాళ్లే.

మూడోది వెన్నుపాము లోపలే పుట్టేది. పెద్దవాళ్లలో ఎపెండిమోమా, పిల్లల్లో ఆస్ట్రోసైటోమా ఎక్కువ. ఎపెండిమోమాకు తరచుగా అంచు స్పష్టంగా ఉంటుంది, విడదీసి తీయొచ్చు. ఆస్ట్రోసైటోమా మంచి కణజాలంలో కలిసిపోయి ఉండడంతో పూర్తిగా తీయడం కష్టం. న్యూరోఫైబ్రోమాటోసిస్ లాంటి వంశపారంపర్య జబ్బులున్న ఇళ్లలో కొన్ని రకాల కణితులు ఎక్కువగా వస్తాయి. మిగతా చాలామందిలో ఎందుకొచ్చిందో చెప్పడానికి కారణం దొరకదు. ఆ రోజు బరువు ఎత్తినందుకో, కింద పడినందుకో వచ్చిందని ఎవర్నీ తప్పుపట్టకండి.

క్యాన్సర్ కాదన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఆ సొరంగం ఇరుకు. మామూలు కణితైనా పెరిగితే వెన్నుపాము నలగాల్సిందే.

నడుము నొప్పి అందరికీ వస్తుంది. కణితి అని ఎప్పుడు అనుమానించాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. మామూలు నడుము నొప్పి పని చేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. కణితి నొప్పి చాలాసార్లు తిరగబడి ఉంటుంది. పడుకున్నాక పెరుగుతుంది. నడిరాత్రి నిద్రలేపుతుంది. కుర్చీలో కూర్చుని తెల్లవార్లూ గడిపేవాళ్లున్నారు. దగ్గినా, తుమ్మినా, మలవిసర్జనకు ముక్కినా షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది. ఛాతీ దగ్గర కణితి ఉంటే నొప్పి వెనకనుంచి ముందుకు పట్టీ బిగించినట్టు వస్తుంది. దాన్ని గ్యాస్ అనుకుని, గుండె అనుకుని నెలలు గడిచిపోతాయి.

తర్వాత వచ్చేవి ఇంకా మెల్లగా వస్తాయి. చెప్పు కాలినుంచి జారిపోయినా తెలియదు. స్నానం చేసేటప్పుడు ఒక కాలికి నీళ్లు వేడిగా, రెండో కాలికి చల్లగా అనిపిస్తాయి. చీకట్లో నడిస్తే తూలుతారు, ఎందుకంటే పాదం ఎక్కడుందో వెన్నుపాము చెప్పడం మానేసింది, కళ్లతో చూస్తేనే తెలుస్తోంది. మెట్లు దిగేటప్పుడు మోకాలు మడతపడుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతుంది. ‘వయసైపోతోంది’ అని అందరూ సర్దిచెబుతారు. వయసు ఇలా వారాల్లో పైబడదు.

మూత్రం రావడానికి ఆలస్యమవుతున్నా, తెలియకుండా పోతున్నా, కూర్చుంటే సీటుకు తగిలే చోట మొద్దుబారినా, రెండు కాళ్లూ బలహీనపడుతున్నా రేపటిదాకా ఆగొద్దు. అదే రోజు ఎమ్మారై సౌకర్యమున్న ఆసుపత్రికి వెళ్లండి. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకు కొత్తగా వెన్ను నొప్పి మొదలైతే, కాళ్లు బాగానే ఉన్నా సరే, ఆ పాత సంగతి డాక్టరుకు ముందుగా చెప్పండి.

ఎమ్మారైలో ఏదో కనిపించింది. అది కణితేనా?

కణితిలా కనిపించేవి చాలా ఉన్నాయి. పూసలకు పట్టే క్షయ, చీముగడ్డ, పెద్ద డిస్కు, వెన్నుపాము వాపు. బి12 విటమిన్ లోపించినా కాళ్ల తిమ్మిరి, తూలు వస్తాయి, రక్తపరీక్షతో తెలిసిపోతుంది. అందుకే గాడోలినియం మందు ఎక్కించి మళ్లీ ఎమ్మారై తీస్తారు, అవసరమైతే ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. బయాప్సీ చేస్తే జబ్బు పాకుతుందన్న భయంతో కొందరు వెనకాడతారు. అదేమిటో తెలియకుండా వైద్యం మొదలుపెట్టలేరు.

క్యాన్సర్ వెన్నుకు పాకి కాళ్లు పడిపోతున్నాయి. ఇంకేం చేసినా లాభం ఉందా?

ఉంది, గంటలు లెక్కపెట్టుకుని వెళ్తే. వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడతారు, తర్వాత రేడియేషనో, ఆపరేషన్ చేసి రేడియేషనో ఇస్తారు. 2005లో వచ్చిన ఒక పేరున్న అధ్యయనంలో, ఒకేచోట నొక్కుడు ఉన్నవాళ్లకు ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇస్తే నూటికి 84 మంది నడవగలిగారు, రేడియేషన్ ఒక్కటే ఇస్తే 57 మంది. ఆపరేషన్ అందరికీ సరిపోదు. మిగతా ఆరోగ్యం, క్యాన్సర్ రకం, ఎన్నిచోట్ల ఉందన్నది చూస్తారు. వైద్యం మొదలయ్యేనాటికి నడుస్తున్నవాళ్లు ఆ తర్వాతా నడిచే అవకాశం ఎక్కువ. కాళ్లు పూర్తిగా పడిపోయాక వస్తే తిరిగి నిలబడడం చాలా కష్టం. మూలవ్యాధి తగ్గకపోయినా, ఉన్నన్నాళ్లు తన కాళ్లమీద తాను బాత్రూముకు వెళ్లగలగడం చిన్న విషయమని నాకెప్పుడూ అనిపించలేదు.

వెన్నుపాము దగ్గర కత్తి పెడితే కాళ్లు పోతాయంటారు. నిజమేనా?

ప్రమాదం ఉంది, ఇప్పుడు బాగా తగ్గింది. 1887లో లండన్‌లో విక్టర్ హార్స్లీ అనే సర్జన్ మొదటిసారి వెన్నుపాము కణితిని విజయవంతంగా తీశారు. అప్పటికి ఎక్స్‌రే కూడా లేదు. నరాల వైద్యుడు విలియం గోవర్స్ లక్షణాలను బట్టి చోటు లెక్కకట్టి చెబితే, హార్స్లీ అక్కడ తెరిచి వెతికారు. ఆ రోగి మళ్లీ నడిచాడు. ఇప్పుడు మైక్రోస్కోపు కింద చేస్తారు. తలకూ కాళ్లకూ తీగలు పెట్టి, సంకేతాలు అందుతున్నాయో లేదో ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ చూస్తుంటారు. సంకేతం తగ్గితే సర్జన్ ఆగుతారు.

వెన్నుపాము లోపలి కణితి తీశాక కొన్ని వారాలు మునుపటికంటే ఎక్కువ తిమ్మిరి, తూలు ఉండడం మామూలే. ముందే చెప్పకపోతే ఇంటివాళ్లు హడలిపోతారు.

మూత్రానికి గొట్టం ఎన్నాళ్లు?

మొదటి రోజుల్లో గొట్టం లోపలే ఉంచుతారు. తర్వాత వీలైనవాళ్లకు రోజుకు నాలుగైదుసార్లు సన్నటి గొట్టం వేసి, ఖాళీ చేసి, తీసేసే పద్ధతి నేర్పిస్తాం. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, మూత్రాశయంలో 500 మిల్లీలీటర్లు దాటకుండా చేయాలి. సొంతంగా వేసుకోవడమా అని మొదట అందరూ ముఖం తిప్పుకుంటారు. రెండు వారాలకు అలవాటైపోతుంది.

1972లో జాక్ లాపిడెస్ అనే అమెరికన్ యూరాలజిస్టు ఈ పద్ధతిని ప్రచురించినప్పుడు తోటి వైద్యులు ఒప్పుకోలేదు. ఆపరేషన్ థియేటర్ అంత శుభ్రత లేకుండా గొట్టం వేస్తే ఎలా అన్నారు. ఆయన వాదన వేరు. మూత్రం నిండి మూత్రాశయం సాగిపోతే దాని గోడలకు రక్తం అందదు, ఇన్ఫెక్షన్ పట్టుకునేది అప్పుడే. కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కుని టైముకు ఖాళీ చేయడమే ముఖ్యం. ఆయన చెప్పినదే నిలిచింది. సెలైన్ సీసా మీద టైములు రాసి అంటించుకున్న కుటుంబాలవాళ్లు మళ్లీ జ్వరంతో రావడం తక్కువగా చూశాను.

మూత్రం చిక్కబడి, వాసన మారి, చలిజ్వరం వస్తే ఆలస్యం చేయొద్దు. కింద స్పర్శ లేనివాళ్లకు మంట తెలియదు. జ్వరమో, కాళ్ల బిగువు పెరగడమో మొదటి కబురు అవుతుంది.

పడక పుండ్లు రాకుండా ఏం చేయాలి?

మనం కుర్చీలో కూర్చున్నప్పుడు తెలియకుండానే అటూ ఇటూ కదులుతుంటాం. స్పర్శ లేని మనిషికి కదలాలని ఒళ్లు చెప్పదు. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, రక్తం అందక చచ్చిపోతుంది. మంచంలో రెండు గంటలకోసారి పక్క మార్చండి. వీల్‌చైర్‌లో పావుగంట, అరగంటకోసారి ఒకట్రెండు నిమిషాలు ముందుకో పక్కకో వాలాలి. గాలి పరుపు కొన్నాం కదా అని తిప్పడం మానేయొద్దు.

పొద్దున్న, రాత్రి చర్మం చూడండి. పిర్రల మధ్య, త్రికం మీద, తుంటి పక్కన, మడమల మీద, చీలమండల దగ్గర. చేతులు బాగున్న మనిషైతే పొడవు పిడి ఉన్న అద్దంతో తానే చూసుకోవాలి. ఎర్రగా ఉన్నచోట వేలుతో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నల్లటి చర్మం మీద ఎరుపు కనిపించదు. వేలి వెనక భాగంతో తడిమి చూడండి, పక్క చర్మం కంటే వేడిగా, గట్టిగా, లేదా మెత్తగా ఉంటే అదే గుర్తు. అప్పుడు ఆ చోటిమీద బరువు పూర్తిగా తీసేయాలి. మాలిష్ చేయొద్దు. పైన రూపాయి బిళ్లంత కనిపించే పుండు కింద ఎముకదాకా గుంట ఉన్న కేసులు నా చేత్తో కట్టు కట్టాను. అవి మానడానికి నెలలు పట్టింది.

వేడినీళ్ల సంచి, ల్యాప్‌టాప్, ఎండలో కాగిన బైక్ సీటు కాళ్లకు తగలనివ్వొద్దు. కాలినా తెలియదు.

అకస్మాత్తుగా తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు. ఏమిటిది?

టి6 లేదా అంతకంటే పైన దెబ్బ ఉన్నవాళ్లలో ఇది ప్రాణం మీదికి తెచ్చే పరిస్థితి. పేరు ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా. కింద ఎక్కడో ఇబ్బంది ఉంది, ఆ మనిషికి తెలియదు, ఒళ్లు మాత్రం బీపీని ఆకాశానికి ఎక్కిస్తుంది. వీళ్ల మామూలు బీపీ పై అంకె తరచుగా 90 నుంచి 110 మధ్యే ఉంటుంది. కాబట్టి 140 చూసి ‘కొంచెమే ఎక్కువ’ అనుకోవద్దు.

వెంటనే నిటారుగా కూర్చోబెట్టండి, కాళ్లు కిందికి వేలాడదీయండి. బెల్టు, బిగుతు బట్టలు, కాలికి కట్టిన మూత్రపు సంచి పట్టీలు వదులు చేయండి. మూత్రపు గొట్టం మెలిక పడిందేమో, మూసుకుపోయిందేమో చూడండి, ఎక్కువసార్లు కారణం అదే. తర్వాత మలబద్ధకం, పుండు, గోరు లోపలికి పెరగడం. కారణం దొరక్కపోతే, బీపీ దిగకపోతే అంబులెన్సు పిలవండి. ఈ సంగతి ఒక కాగితం మీద రాసి మనిషి జేబులో పెట్టండి. అత్యవసర విభాగంలో కొత్త డాక్టర్లకు చూపించడానికి పనికొస్తుంది.

స్పర్శే లేని కాళ్లలో మంట ఎలా వస్తుంది?

నిజంగానే వస్తుంది, ఊహ కాదు. తెగిన దారులు తప్పుడు సంకేతాలు పంపుతాయి. మామూలు నొప్పిమాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు, ప్రెగాబలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి ఇస్తారు.

పిల్లలు పుడతారా?

ఆడవాళ్లకు మొదటి కొన్ని నెలలు నెలసరి ఆగొచ్చు. తర్వాత మామూలుగా వస్తుంది, గర్భం దాల్చే శక్తి సాధారణంగా తగ్గదు. టి6 పైన దెబ్బ ఉంటే కాన్పులో బీపీ పెరిగే ప్రమాదాన్ని ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. మగవాళ్లకు అంగస్తంభన, వీర్యస్ఖలన సమస్యలుంటాయి. మందులు, వైబ్రేటర్, ఐవీఎఫ్ సాయంతో తండ్రులైనవాళ్లు ఉన్నారు. ఈ ప్రశ్నను భార్యాభర్తలు నెలల తరబడి మనసులో పెట్టుకుని ఉంటారు. మేమే ముందు కదపాలి, కదపకపోతే మీరు అడగండి.

స్టెమ్ సెల్స్‌తో (మూలకణాలతో) నయమవుతుందని ప్రకటన చూశాం. వెళ్లమంటారా?

డబ్బు తీసుకుని చేసేచోటికి వెళ్లొద్దు. చేతి నరం తెగితే రోజుకు దాదాపు మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. వెన్నుపాములోని నరం పెరగదు, దాని చుట్టూ ఉన్న పొరలు, గాయపు మచ్చ పెరగనివ్వవు. 1981లో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలుకల్లో బయటి నరపు ముక్కను వంతెనగా పెడితే వెన్నుపాము నరాలు అందులోకి పెరిగాయి. అంటే పెరిగే శక్తి వాటికి ఉంది, పరిసరాలే అడ్డు. పరిశోధన అంతా అప్పటినుంచీ ఆ అడ్డు తీయడం మీదే. మనుషుల్లో స్టెమ్ సెల్స్ వెన్నుపామును బాగుచేస్తాయని ఇంకా రుజువు కాలేదు. ముక్కు లోపలి కణాలు వెన్నుపాములో పెట్టించుకున్న ఒక యువతికి ఎనిమిదేళ్ల తర్వాత అక్కడే గడ్డ పెరిగితే తీయాల్సి వచ్చింది. ఆ సంగతి 2014లో వైద్య పత్రికలో వచ్చింది.

నిజంగా ఆశ పుట్టించేది విద్యుత్ ప్రేరణ. 2018లో వెన్నుపాము మీద ఎలక్ట్రోడ్లు అమర్చి, నెలల తరబడి శిక్షణ ఇస్తే కొందరు అడుగులు వేశారు. చర్మం పైనుంచి కరెంటు ఇచ్చే పరికరానికి 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతిచ్చింది. మెడ దగ్గర ఇన్‌కంప్లీట్ దెబ్బ ఉన్నవాళ్ల చేతి బలం, స్పర్శ పెంచడానికి అది. ప్రయోగంలో చేరమంటే ముందు ఒక్కటి అడగండి: నేను డబ్బు కట్టాలా? సరైన ప్రయోగంలో సాధారణంగా కట్టక్కర్లేదు.

తను ఇక నడవలేడని ఎవరు చెప్పాలి? దాచమంటారా?

దాచొద్దు. మనిషికి తెలుస్తూనే ఉంటుంది. అందరూ నవ్వుముఖాలు పెట్టుకుని వస్తుంటే ఒంటరితనం పెరుగుతుంది. డాక్టరు, ఇంటివాళ్లు కలిసి కూర్చుని చెప్పాలి. చెప్పిన రోజే రేపు ఏం మొదలుపెడతామో కూడా చెప్పాలి. దిగులు ముదిరితే మానసిక వైద్యుణ్ని పిలిపించండి. అది కూడా ఈ వైద్యంలో భాగమే.

సుమారు 3,600 ఏళ్లనాటి ఈజిప్టు వైద్యపత్రంలో ఈ దెబ్బ గురించి ‘చికిత్స చేయకూడని జబ్బు’ అని రాసి ఉంది. మొదటి ప్రపంచయుద్ధం దాకా అదే జరిగింది, చాలామంది పుండ్లతో, మూత్ర ఇన్ఫెక్షన్‌తో వారాల్లో చనిపోయేవారు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ అనే నరాల వైద్యుడు ఇలాంటి రోగుల కోసం ఒక వార్డు తెరిచారు. కొత్త మందేమీ కనిపెట్టలేదు. రెండు గంటలకోసారి పక్క మార్పించారు, మూత్రం జాగ్రత్తగా చూశారు, మనుషులకు పని, ఆట అప్పగించారు. 1948 జులై 29న 16 మందితో విలువిద్య పోటీ పెట్టించారు. 1960లో రోమ్‌లో జరిగిన తొలి పారాలింపిక్స్‌కు మూలం అదే.

ఇంటికెళ్లి ఏళ్లయింది, అంతా కుదురుగా ఉంది. ఇంకా పరీక్షలు అవసరమా?

ఏడాదికోసారి కిడ్నీల స్కాను, రక్తపరీక్ష చేయించండి. కణితి తీసినవాళ్లు డాక్టరు చెప్పిన గడువుకు ఎమ్మారై తీయించుకోవాలి, నొప్పి లేకపోయినా. ఒక కాలు వాచి వేడెక్కితే రక్తం గడ్డకట్టిందేమోనని అదే రోజు చూపించండి. తొలి మూడు నెలల్లో ఆ ప్రమాదం ఎక్కువ. ఏళ్ల తర్వాత చేతుల్లో కొత్తగా తిమ్మిరి వచ్చినా, ఉన్న బలం తగ్గినా, వేడీ చల్లనా తెలియని చోటు పైకి పాకుతున్నా దెబ్బ తగిలిన చోట నీటితిత్తి ఏర్పడి ఉండొచ్చు. దాన్ని సిరింక్స్ అంటారు, ఎమ్మారైలో తెలుస్తుంది. ‘పాత జబ్బే కదా’ అని ఎవరైనా పంపించేస్తే, ఇది కొత్తగా ఎప్పుడు మొదలైందో తేదీతో సహా చెప్పి మళ్లీ పరీక్ష చేయమని అడగండి.